మేనల్లుడి మీద గంజాయి కేసు, కౌన్సిలింగ్ దగ్గర పడింది, ఇంజనీరింగ్ సీటుకి అడ్డం వస్తాదా?

సిక్కోలు_మావయ్య:

అందరికీ నమస్కారం. ఊరి పేరు చెప్పను, శ్రీకాకుళం జిల్లా అనుకోండి చాలు. మా అప్ప కొడుకు విజయనగరంలో హాస్టల్లో ఉండి ఇంటర్ ఎంపీసీ చదివేడు, మార్కులు బానే వచ్చేయి, ఈఏపీసెట్ ర్యాంకు కూడా పర్లేదు, గవర్నమెంట్ కాలేజీలోనో కాస్త మంచి ప్రైవేట్ కాలేజీలోనో సీఎస్ఈ వస్తాదని అందరం ఆశ మీద ఉన్నాం. పరీక్ష రాసేసేక మేలో ఓ రోజు రాత్రి ఫ్రెండు బండెక్కి బయటికెళ్ళేడు, ఆ ఫ్రెండుకి 21 ఏళ్ళు, చదువూ లేదు ఉద్యోగమూ లేదు. హైవే మీద పోలీసులు ఆపి చెక్ చేస్తే ఆడి బ్యాగులో చిన్న చిన్న పొట్లాలు దొరికేయి, అంతా కలిపి మూడొందల గ్రాముల చిల్లర అని రాసేరు. మావాడు వెనక కూర్చున్నాడంతే అంటున్నాడు, కానీ గట్టిగా అడిగితే రెండు మూడు సార్లు తాగేనని ఒప్పుకున్నాడు మావయ్యా అని ఏడ్చేడు.

ఎఫ్ఐఆర్‌లో ఆ ఫ్రెండు ఏ1, మావాడు ఏ2. నోటీసు ఇచ్చి ఇంటికి పంపించేసేరు. ఇప్పుడు తెలిసిన ఒకాయన, కోర్టు చుట్టూ తిరుగుతుంటాడు లెండి, ఆయన ఏటంటాడంటే ఇది చిన్న కేసు, కోర్టులో ఒప్పేసుకుంటే పదివేల లోపు ఫైన్ వేసి వదిలేస్తారు, కౌన్సిలింగ్ లోపు క్లోజ్ అయిపోద్ది, నాకు ఇంత ఇవ్వండి నేను చూసుకుంటాను అని. బావగారు సరే అనేటట్టున్నారు. అప్ప తిండి మానేసింది.

నా డౌటు ఏటంటే సీటుకి ఇబ్బందా, కాలేజీ వాళ్ళకి తెలుస్తాదా, రేపు ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్ వస్తే ఏటి పరిస్థితి. ఆడికి ఆర్మీ ఆఫీసర్ అవ్వాలని కూడా ఉంది మరి. ఇంకోటి, ఎఫ్ఐఆర్‌లో వయసు 19 అని ఉంది, ఆడికి 18 నిండింది మొన్న జూన్ ఆఖర్లోనే. ఇది పెద్ద విషయమా కాదా తెలీదు, చెప్తున్నాను. తెలిసినోళ్ళు చెప్పండి, తిట్టేవాళ్ళు తర్వాత తిట్టండి.

ఘంటస్తంభం_రవ్వట్టు:

ముందు ఆ గుంటడికి నాలుగు తగిలించండి, మిగతా సంగతి తర్వాత.

సిక్కోలు_మావయ్య:

బావగారు ఆ పని ఎప్పుడో చేసేరండి. సలహా ఉంటే చెప్పండి.

నాగావళి_గట్టు:

మా వీధిలో ఒకతనికి ఇలాగే అయ్యింది అన్నా, ఒప్పుకుని ఫైన్ కట్టేసేడు, ఒక్క పూటలో అయిపోయింది, ఇప్పుడు హైదరాబాద్‌లో డెలివరీ యాప్‌లో పని చేసుకుంటున్నాడు, ఏ గొడవా లేదు. కోర్టుల చుట్టూ మూడేళ్ళు తిరగడం కన్నా ఇదే నయం. లాయర్లకి కేసు లాగితేనే లాభం, గుర్తుపెట్టుకోండి.

బొబ్బిలి_వకీలు:

పైన చెప్పిన సలహా మాత్రం దయచేసి వినకండి. నేను విజయనగరం, బొబ్బిలి కోర్టుల్లో క్రిమినల్ సైడే చేస్తాను. ఫీజు కోసం రాయట్లేదు, నా దగ్గరికి రావద్దు కూడా, ఎవరి దగ్గరికి వెళ్ళినా ఈ ముక్క అడగండి.

మీరు ఆఖర్లో, పెద్ద విషయమో కాదో తెలీదు అని రాసిన మాటే ఈ కేసులో అసలు విషయం. వయసు చూడాల్సింది ఇవాళ ఎంత అని కాదు, కోర్టుకి వెళ్ళిన రోజు ఎంత అని కూడా కాదు, సంఘటన జరిగిన రోజుకి ఎంత అని. మేలో 17 అంటే జువెనైల్, చట్టం లెక్కలో ఇంకా బాలుడే. అంటే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది, కేసు మామూలు మేజిస్ట్రేట్ కోర్టులో కాదు, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు నడవాలి. అక్కడ ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సోషల్ వర్కర్లు ఉంటారు, అందులో ఒకరు తప్పనిసరిగా మహిళ. ఎఫ్ఐఆర్‌లో 19 ఎలా పడిందంటే రాత్రిపూట నీ వయసెంతరా అని అడిగి తోచింది రాసుకుంటారు, లేదా ఆ ఫ్రెండు చెప్పుంటాడు, ఇది రోజూ చూస్తాం.

దాన్ని సరిచేయించడం ఎలాగంటే అదే చట్టం సెక్షన్ 9 కింద కోర్టులో పిటిషన్ వెయ్యాలి. సెక్షన్ 94 ప్రకారం మొదట చూసేది స్కూల్ ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ గానీ పదో తరగతి సర్టిఫికెట్ గానీ, అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ బర్త్ సర్టిఫికెట్, అవీ లేకపోతేనే మెడికల్ టెస్టు. మీ వాడికి టెన్త్ మెమో ఉంటుంది కదా, దాని మీద పుట్టిన తేదీ ఉంటుంది, ఇంకేం కావాలి. ఆధార్ పట్టుకెళ్ళి అదొక్కటే చూపించకండి, చాలామంది అదే చేస్తారు. ఈ పిటిషన్ ఎప్పుడైనా వెయ్యొచ్చు, తీర్పు వచ్చేసేక కూడా వెయ్యొచ్చని చట్టంలోనే ఉంది, కానీ ఇప్పుడే వేస్తే తిరుగుడు తగ్గుతుంది.

ఇప్పుడు ఒప్పేసుకోవడం సంగతి. 19 ఏళ్ళవాడిగా మామూలు కోర్టులో నేను చేసేను అని ఒప్పుకుంటే అది శిక్షే, కన్విక్షన్. ఫైన్ వంద రూపాయలైనా కన్విక్షన్ కన్విక్షనే, ఎన్‌డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టం కింద పడ్డ కన్విక్షన్. ఆ డెలివరీ కుర్రాడికి అడిగేవాడు లేక తెలీలేదు, మీ వాడికి ప్రతీ ఫారం అడుగుతుంది.

అదే బోర్డు ముందు జరిగితే సెక్షన్ 24 ఉంది, బోర్డు వాడిదే తప్పని తేల్చినా దాని వల్ల వచ్చే అనర్హత ఏదీ అంటదు, అప్పీలు గడువు దాటేక రికార్డులు నాశనం చెయ్యాలి. సెక్షన్ 74 ప్రకారం కేసు ముగిసేక క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం అడిగినా పోలీసులు ఆ రికార్డు బయటపెట్టకూడదు. పేరు, ఫోటో, స్కూలు పేపర్లో రాయకూడదు, రాస్తే అదే నేరం.

ఇక బరువు. గంజాయికి కిలో లోపు స్మాల్ క్వాంటిటీ, 20 కిలోలు దాటితే కమర్షియల్. స్మాల్ క్వాంటిటీకి పెద్దవాళ్ళకే గరిష్టంగా ఏడాది జైలు, లేదా పదివేలు ఫైన్, లేదా రెండూ. కాబట్టి జువెనైల్ లెక్కలో ఇది చిన్న నేరం కింద వస్తుంది, బోర్డు నాలుగు నెలల్లో విచారణ ముగించాలి, ఇంకో రెండు నెలలు పొడిగించొచ్చు, అప్పటికీ తేలకపోతే ఇలాంటి చిన్న కేసు అక్కడితో ముగిసినట్టే. మూడేళ్ళు తిరగడం అనే మాట ఇక్కడ లేదు. బోర్డు కూడా మామూలుగా మందలించడం, కౌన్సెలింగ్‌కి పంపడం, సమాజ సేవ చేయించడం, తల్లిదండ్రుల పూచీ మీద ప్రొబేషన్ ఇలాంటివి చేస్తుంది.

ఎఫ్ఐఆర్ కట్టకుండా ఉండాల్సింది కదా అని ఎవరైనా అంటారేమో. మామూలుగా పిల్లల చిన్న కేసుల్లో ఎఫ్ఐఆర్ ఉండదు, డైరీలో రాసి సోషల్ బ్యాక్‌గ్రౌండ్ రిపోర్ట్ పంపుతారు. పెద్దవాడితో కలిసి ఉంటే మాత్రం కట్టొచ్చు, మీ కేసులో ఆ 21 ఏళ్ళ ఏ1 వల్లే అది వచ్చింది.

సిక్కోలు_మావయ్య:

అయ్యా మీకు దండం. ఇది రాత్రి ఒంటిగంటకి బావగారికి చదివి వినిపించేను. ఆయన అడుగుతున్నారు, మరి వెనక కూర్చున్నోడికి అసలు కేసు ఎందుకు, బ్యాగు ఆడిది కదా అని.

బొబ్బిలి_వకీలు:

అది డిఫెన్స్, వాదించాల్సిందే, ఆ ఫ్రెండు దగ్గర ఉందని మీ వాడికి తెలిసి ఉండాలి కదా. కానీ ఈ ఎన్‌డీపీఎస్ చట్టంలో సెక్షన్ 35, 54 అని ఉన్నాయి, తెలుసనే అనుకుని మొదలుపెడతారు, తెలీదని మనమే చూపించుకోవాలి. అందుకే మీ వాడు స్టేషన్లో ఏం చెప్పేడు, ఏం సంతకం పెట్టేడు అన్నది కనుక్కోండి. 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఈ చట్టం కింద అధికారులకి ఇచ్చిన ఒప్పుకోలు స్టేట్‌మెంట్ సాక్ష్యంగా పనికిరాదని చెప్పింది, కాబట్టి భయపడి ఏదో చెప్పేడని అంతా అయిపోయినట్టు కాదు. మధ్యవర్తుల నివేదిక, అంటే సరుకు పట్టుకున్నప్పుడు సాక్షుల ముందు రాసే పంచనామా, దాని కాపీ తీసుకోండి, వీఆర్వోలు ఎవరు సంతకం చేసేరో, తూకం ఎలా వేసేరో అందులో ఉంటుంది. ఆకులు, గింజలు పువ్వు లేకుండా విడిగా ఉంటే చట్టంలో గంజాయి నిర్వచనంలోకే రావు, ఇది చాలామంది పట్టించుకోరు.

టెక్కలి_మేష్టారు:

నేను జూనియర్ కాలేజీలో చెప్తాను. సీటు సంగతి నేను చెప్తాను. ఈఏపీసెట్ కౌన్సిలింగ్‌లో పోలీస్ సర్టిఫికెట్ ఏదీ అడగరు, ఇంటర్ మెమో, టెన్త్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఇవే. కాబట్టి కేసు ఉందని ర్యాంకు పోదు, వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడం ఆపకండి, ఇంట్లో ఈ గొడవల్లో పడి తేదీ మర్చిపోయి సీటు పోగొట్టుకున్న వాళ్ళని చూసేను, కేసు వల్ల కాదు కంగారు వల్ల పోయింది. జూనియర్ కాలేజీ నుంచి టీసీ, కాండక్ట్ సర్టిఫికెట్ ఇంకా తీసుకోకపోతే రేపే వెళ్ళి తీసుకోండి, కాలేజీలో మాట పాకకముందే.

కాలేజీలో చేరేక కథ వేరు. హాస్టల్ అడ్మిషన్ అప్పుడు అండర్‌టేకింగ్ రాయించుకుంటారు, ఇప్పుడు మన రాష్ట్రంలో ఈగల్ అని మత్తుమందుల మీద పోలీసుల ప్రత్యేక విభాగం వచ్చేక కాలేజీల్లో కూడా క్లబ్బులు పెట్టి గట్టిగా చూస్తున్నారు, అక్కడ మళ్ళీ దొరికితే సస్పెన్షన్, అప్పటికి వయసు 18 దాటింది కాబట్టి సెక్షన్ 24 గొడుగు ఉండదు.

ఇంకో మాట, టాపిక్ కాదు గానీ చెప్పాలి. మా దగ్గర పిల్లల్ని పాడుచేసేది తాగడం కన్నా మొయ్యడం. ఒడిశా వైపు నుంచి, ఏజెన్సీ నుంచి ఇచ్ఛాపురం మీదుగానో సాలూరు మీదుగానో బ్యాగు తీసుకెళ్ళి రైల్లో పెట్టేస్తే ఐదువేలు ఇస్తామంటారు, బ్యాగులో ఎంతుందో ఆ పిల్లాడికి చెప్పరు. 22 కిలోలు తూగిందంటే కమర్షియల్, పదేళ్ళకి తక్కువ కాకుండా 20 ఏళ్ళ దాకా, లక్ష నుంచి రెండు లక్షల ఫైన్, సెక్షన్ 37 వల్ల బెయిలు కూడా కష్టం. 16 దాటిన వాడైతే అంత పెద్ద కేసులో బోర్డు పరీక్షించి పెద్దవాడిలా విచారణకి పంపే వీలు కూడా ఉంది. మీ వాడి ఫ్రెండు ఆ 21 ఏళ్ళ వాడు తాగడానికి తెచ్చుకున్నాడా అమ్మడానికి పొట్లాలు కట్టేడా అన్నది కాస్త ఆలోచించండి. చిన్న చిన్న పొట్లాలు అన్నారు కదా.

రాజాం_టు_డల్లాస్:

ఎం.ఎస్ ఆలోచన ఉంటే ఇది కూడా వినండి. అమెరికా వీసాకి పెట్టే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టు అయ్యేరా, శిక్ష పడిందా అని అడుగుతాడు. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో డ్రగ్స్ విషయంలో శిక్ష పడటమే కాదు, నేరం చేసేనని ఒప్పుకున్నా వీసాకి అడ్డమే. పదివేల ఫైన్‌తో పోతుందని సంతకం పెట్టేస్తే ఆ సంతకం వీసా కౌంటర్ దాకా వస్తుంది. ఏజెంట్లని నమ్మి నో అని టిక్ పెట్టి ఇరుక్కున్న వాళ్ళు మాకు ఇక్కడ చాలామంది కనిపిస్తున్నారు, వాళ్ళని చూసి మేం జాగ్రత్త పడ్డాం.

నాగావళి_గట్టు:

సరే అన్నా, నాకు తెలిసింది నేను చెప్పేను. ఆర్మీ సంగతి ఎవరూ చెప్పలేదు. మన సైడు సగం మంది పిల్లలు దానికే కదా పరిగెడతారు.

బొబ్బిలి_వకీలు:

చెప్తాను. ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలో అరెస్టు, కేసు, ఫైన్, శిక్ష అన్నీ అడుగుతారు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏంటంటే అడిగింది నిజం చెప్పాలి, దాచితే ఉద్యోగం తీసెయ్యొచ్చు, నిజం చెప్తే మాత్రం కేసు స్థాయి, చిన్నదా పెద్దదా, ఏ వయసులో జరిగింది, ఇవన్నీ చూసి నిర్ణయించాలి అని. 2019లో జువెనైల్‌గా ఉన్నప్పటి కేసు చూపించి సీఐఎస్ఎఫ్ ఉద్యోగం ఆపడం కుదరదని కూడా చెప్పింది. కాబట్టి బోర్డు ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ ఒకటి లామినేషన్ చేయించకుండా భద్రంగా పెట్టుకోండి. రికార్డు నాశనం చేయించుకునే హక్కు మీది, మీ ఇంట్లో కాపీ ఉంచుకోవడం కూడా మీ హక్కే. పాస్‌పోర్ట్ కావాలంటే కేసు నడుస్తుండగా కోర్టు అనుమతి కావాలి, ముగిసే దాకా తొందర లేకపోతే ఆగండి.

డబ్బులు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళండి, పిల్లల కేసు కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, నంబరు 15100. కోర్టు చుట్టూ తిరిగే ఆ మధ్యవర్తి ఆయనకి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి.

కిమిడి_కోడలు:

నర్సుని అండి. కేసు సంగతి వీళ్ళు చెప్పేరు, పిల్లాడి సంగతి ఎవరూ అడగలేదు. రెండు మూడు సార్లే అన్నాడంటే నేను నమ్మను, నమ్మకపోవడం నా ఉద్యోగం. జీజీహెచ్, అదే గవర్నమెంట్ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళండి, అలవాటు ఉందా లేదా వాళ్ళు చూస్తారు. ఫోన్లో మాట్లాడాలంటే 14446 ఉంది. అలవాటు ఉన్నవాడు తనంతట తాను గవర్నమెంట్ గుర్తించిన చోట వైద్యానికి చేరి పూర్తిగా చేయించుకుంటే సెక్షన్ 64ఏ కింద స్మాల్ క్వాంటిటీ కేసులో ప్రాసిక్యూషనే ఉండదని మా దగ్గరికొచ్చే లాయరు చెప్పేవారు, మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు పోతుందట. వకీలు గారూ, నిజమేనా?

బొబ్బిలి_వకీలు:

నిజమేనమ్మా. కానీ అది వ్యసనపరుడికి ఉన్న సెక్షన్, అలవాటు లేని వాడిని అలవాటు ఉన్నవాడిగా చూపించడం నేను చెప్పను. డాక్టరు చూసి ఏం రాస్తే అది.

సిక్కోలు_మావయ్య:

సోమవారం లీగల్ సర్వీసెస్‌కి వెళ్తున్నాం, బావగారు కూడా వస్తానన్నారు. ఆ మధ్యవర్తి ఆయన పొద్దున్నే మూడుసార్లు ఫోన్ చేసేడు, ఎత్తలేదు. ఒక్క డౌటు, టెన్త్ మెమో ఒరిజినల్ కోర్టులో ఇచ్చేస్తే కౌన్సిలింగ్‌కి ఏటి చూపించాలి?

బొబ్బిలి_వకీలు:

ఒరిజినల్ ఇవ్వకండి. ఒరిజినల్ చూపించి అటెస్టెడ్ జిరాక్స్ ఫైల్ చెయ్యండి. కోర్టు ఒరిజినలే పెట్టమంటే కౌన్సిలింగ్ తేదీ కోర్టుకిచ్చే అర్జీలో రాసి వెనక్కి అడగండి, ఇస్తారు. స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ ఒకటి హెడ్‌మాస్టర్ సంతకంతో తెచ్చుకోండి, అది వేరే ఉంటుంది కాబట్టి రెండు కాగితాలు చేతిలో ఉంటాయి.