మాత్రలు వాడుతున్నా అమ్మకి రక్తం పెరగడం లేదు

ప్రశ్న (కోవూరు నుంచి):
అమ్మకి 46 ఏళ్లు. రెండు నెలల కింద హిమోగ్లోబిన్ 7.4 ఉందని ఐరన్ మాత్రలు రాశారు, నిన్న మళ్లీ చూపిస్తే 7.6. రోజూ బీట్‌రూట్ జ్యూస్ కూడా ఇస్తున్నాను. మేడ మెట్లు సగం ఎక్కేసరికి ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడిపోతోంది. ఇంకోటి, చేటలో బియ్యం ఏరుతూ పచ్చి బియ్యం గుప్పెళ్లతో నోట్లో వేసుకుంటోంది, ఎంత తిట్టినా మానదు. విరేచనం నల్లగా అవుతోందని మాత్రలు ఆపేస్తానంటోంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఒంగోలు, నర్సుని):
చెల్లీ, మాత్ర టీతో వేసుకుంటోందా? మా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది అంతే, టిఫిన్ తిని మాత్ర, వెంటనే టీ. టీ, కాఫీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు, రెండు గంటలు ఎడం ఉండాలి, కాల్షియం మాత్రకీ అంతే. నిమ్మకాయ నీళ్లతో వేస్తే బాగా పడుతుంది, మీ పక్కనే పొదలకూరు నిమ్మకాయలుండగా కొదవేముంది. నల్లగా అవడం మాత్ర వల్లే, ఆపొద్దు. తారులా జిగటగా ఉంటే మాత్రం డాక్టరుకి చెప్పాలి. అమ్మని తిట్టకు, ఐరన్ తగ్గిన వాళ్లకి పచ్చి బియ్యం, సుద్ద తినాలని అలాగే పీకుతుంది. బీట్‌రూట్‌లో రంగే గానీ ఐరన్ తక్కువ. తినేవాళ్లయితే కార్జం, మాంసం, చేప పెట్టు, ఆకుకూరల కంటే వాటిలో ఐరన్ తేలిగ్గా పడుతుంది. నెలసరి ఎలా ఉంది?

కోవూరు:
టీతోనే అక్కా. నెలసరి ఎనిమిది రోజులు, గడ్డలు గడ్డలుగా పోతోందంట. ఈ వయసులో మామూలేలే అని ఎవరికీ చెప్పలేదు, నేనూ ఎన్నడూ అడగలేదు.

జవాబు (కందుకూరు):
మా నాన్నకి 6.9కి పడిపోయింది. మోకాళ్ల నొప్పులని మందుల షాపులో నొప్పి మాత్రలు కొని ఏడాదిగా మింగుతున్నాడు, ఎండోస్కోపీ (గొట్టంతో కడుపులోకి చూసే పరీక్ష) చేస్తే ఆ మాత్రల వల్ల కడుపులో పుండు పడి రక్తం పోతోందని తేలింది. మీ అమ్మ కూడా అలాంటివేమైనా వాడుతోందేమో కనుక్కోండి.

ఒంగోలు నర్సు:
ఎనిమిది రోజులు, గడ్డలు అంటే మామూలు కాదమ్మా. ఆయాసం కూడా ఉంది కాబట్టి ఆగకుండా గైనకాలజిస్టుకి చూపించు. గర్భసంచి స్కానింగ్, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ రక్త పరీక్ష చేస్తారు. ఫెర్రిటిన్ బాగానే ఉంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే తలసీమియా అనే రక్త లోపం కొద్దిగా ఉందేమో చూస్తారు, దానికి ఐరన్ పోసి లాభం లేదు. మాత్రలు పడకపోతే సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా మాత్రలు మూడు నెలలు వాడాలి, ఒంట్లో నిల్వ నిండాలి కదా.

కోవూరు:
రేపు పొద్దున మొదటి బస్సుకే నెల్లూరు తీసుకెళ్తున్నా అక్కా. ఇప్పుడే నిమ్మకాయ నీళ్లతో మాత్ర ఇచ్చాను. ఎన్ని గుడ్డలు మారుస్తోందో తనే లెక్క చెప్పింది, కాగితం మీద రాసుకున్నాను.