వేయిపడగలు సగంలో ఆగిపోయాను, పూర్తి చేయమంటారా?

నమస్కారం అండీ. నాది ఒంగోలు, ఉద్యోగం నెల్లూరులో. పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తూ విశ్వనాథ సత్యనారాయణ గారి నవల వేయిపడగలు మొదలుపెట్టాను. మొదటి రెండొందల పేజీలు సింగరాయకొండ, కావలి ఎప్పుడు దాటాయో తెలియకుండా చదివాను. పసిరిక అనే పాత్ర వచ్చే చోటయితే దిగాల్సిన స్టేషన్ వచ్చినా పుస్తకం మూయబుద్ధి కాలేదు.

ఇప్పుడు సీన్ రివర్స్. కథానాయకుడు ధర్మారావు ఎవరితోనైనా చర్చ మొదలుపెట్టాడంటే కావలి రాకముందే నాకు కునుకు. ఒక్కో పేరా మూడుసార్లు చదివినా బుర్రకెక్కడం లేదు. గుర్తుకు పెట్టిన పాత టికెట్టు పది రోజులుగా 412వ పేజీలోనే ఉంది. దాని మీద కారప్పొడి నూనె మరక కూడా పడింది, పక్క సీటాయన ఇడ్లీ పొట్లం పుణ్యమా అని.

వదిలేద్దామంటే పుస్తకం మా మామయ్యది. 'ఎందాకా వచ్చిందమ్మాయ్?' అని ప్రతి ఆదివారం ఫోన్. పి.వి. నరసింహారావు గారు దీన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారని కూడా ఆయనే చెప్పారు. అంత పుస్తకాన్ని పి.వి. గారు అనువాదమే చేస్తే, చదవడానికే నాకిన్ని ఆపసోపాలా అని సిగ్గుగా ఉంది.

చదివినవాళ్లు చెప్పండి. చర్చలు దాటేసి కథ మాత్రం పట్టుకుని పోతే దేవదాసి గిరిక సంగతి, గుడి సంగతి అర్థమవుతాయా? లేక అసలు విషయమంతా ఆ చర్చల్లోనే ఉందా? కొన్నాళ్లు పక్కన పెట్టి మళ్లీ తీసినవాళ్లెవరైనా ఉన్నారా? ముగింపు మాత్రం చెప్పకండి, దండం పెడతా.