నాన్నగారి పాత స్టిల్ కోత మిషన్: కాంట్రానా, 070నా?

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. 1996 నవంబరు తుఫానుకి మా కొబ్బరితోట పడిపోతే, నాన్నగారు సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్టిల్ (Stihl) కంపెనీ చైన్‌సాతోనే ఆ మొద్దులన్నీ కోయించారు. ఆయన పోయాక అది సావిడి అటక మీదే ఉండిపోయింది. మొన్న దించాను.

నంబరు ప్లేటు లేదు. సిలిండర్ విప్పి కొలిస్తే బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 58 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 40 మి.మీ., అంటే దాదాపు 106 సీసీ. 1959లో వచ్చిన కాంట్రా మోడల్, తర్వాతి 070 మోడల్ రెండూ 106 సీసీవే. పైకి చూసి తేడా పట్టేదెలా?

పిస్టన్ మీద గీతల్లేవు. మళ్లీ బిగించి తాడు లాగితే కంప్రెషన్ బాగానే ఉంది, స్పార్కే లేదు. స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే కాంటాక్ట్ పాయింట్లు నల్లబడ్డాయి. సన్న ఎమెరీ పేపరుతో రుద్దితే సరిపోతుందా, కండెన్సర్ కూడా మార్చాలా?

అసలు బెంగ బాడీ గురించి. మెగ్నీషియం కదా, ఉప్పుగాలికి గుంటలు పడి, వేలితో రాస్తే తెల్లటి పొడి బియ్యప్పిండిలా అంటుకుంటోంది. రంగు వేసే ముందు దాన్ని ఎలా ఆపాలి? హ్యాండిల్‌కి నాన్నగారు చుట్టిన సైకిల్ ట్యూబు మాత్రం తీయనండి. రాజమండ్రి, కాకినాడ వైపు ఈ పని తెలిసిన మెకానిక్‌లు ఉన్నా దయచేసి చెప్పండి.