మా ఆయనకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని సమస్య) ఉందేమో అనిపిస్తోంది, ఎలా సాయపడాలి?

ప్రశ్న (విశాఖ మద్దిలపాలెం నుంచి):
పెళ్లై తొమ్మిదేళ్లు, ఒక పాప. మా ఆయన మనసు మంచిది, తెలివైనవారు. కానీ మొదలుపెట్టిన పని ఏదీ చివరిదాకా రాదు. మొన్న ఆదివారం రైతు బజారుకెళ్లి కూరలు కొన్నారు. ఇంటికొచ్చి ఫోన్ మాట్లాడుతూ పైకి వచ్చేశారు. సంచి స్కూటర్ హుక్కుకే ఉండిపోయింది. సోమవారం సాయంత్రం నేను చూసేసరికి తోటకూర పసుపుపచ్చగా మారి నీరు కారుతోంది. చేతిలో డబ్బులుండీ కరెంటు బిల్లు రెండు నెలలు కట్టలేదు. నేను ఏదైనా చెప్తుంటే తల ఊపుతారు, సగంలోనే చూపు ఎటో వెళ్లిపోతుంది. అదే పాత రేడియో విప్పి కూర్చుంటే రాత్రి రెండయినా లేవరు. నా మాటంటే లెక్కలేదని నేను, కావాలని చేస్తానా అని ఆయన. ఓ రోజు కోపంలో ఏడీహెచ్‌డీ మాట ఎత్తాను. "నాకు పిచ్చంటావా" అని రెండు రోజులు మాట్లాడలేదు.

జవాబు (గాజువాక నుంచి):
అమ్మా, మీ ఆయన లాంటివాడినే నేను. 38వ ఏట డాక్టర్ చెబితే తెలిసింది. మా ఆవిడా మొదట గొడవ మధ్యలోనే ఆ మాట అంది. ఆరు నెలలు ఆ ఊసే ఎత్తనివ్వలేదు. తర్వాత ఒక సాయంత్రం బీచ్ రోడ్డులో నడుస్తుంటే, "మీరు రోజూ దేనితోనో కుస్తీ పడుతున్నారు, చూడలేకపోతున్నాను, ఒకసారి ఎవరినైనా అడుగుదామా" అంది. జబ్బు పేరు ఎత్తలేదు. నాకు ఏడుపొచ్చింది. నా కష్టాన్ని బద్ధకం అనకుండా కష్టం అన్న మొదటి మనిషి తనే.

రేడియో సంగతి చూసి, శ్రద్ధ పెట్టగలడు కదా, ఇంటి పనికే పెట్టడు అనుకోకండి. మాకు శ్రద్ధ లేకపోవడం కాదు, దాన్ని కావలసిన చోటికి తిప్పుకోవడమే చేతకాదు.

ఇంట్లో నాకు పనికొచ్చినవి చెప్తాను. కళ్లెదుట లేని వస్తువు నా లెక్కలో లేనట్టే. అందుకే గుమ్మం పక్కన మేకు కొట్టి తాళాలు, పర్సు, హెల్మెట్ అక్కడే పెడతాను. బిల్లులన్నీ ఆటోపేలో పెట్టేశాం. "ఇల్లు సర్దండి" అంటే నాకు చేతులాడవు, "బల్ల మీది కాగితాలు తీయండి" అంటే తీస్తాను. ఇంకొకటి, మా ఆవిడ పక్కన కూర్చుని తన పని తాను చేసుకుంటూ ఉంటే చాలు, నా పని పూర్తవుతుంది. ఏం మాట్లాడక్కర్లేదు.

జవాబు (పెదవాల్తేరు నుంచి, సైకియాట్రీ వార్డులో నర్సుగా పనిచేశాను):
మీ అంతట మీరే ఖాయం చేసుకోవద్దమ్మా. దీన్ని తేల్చే రక్తపరీక్షా లేదు, స్కానింగూ లేదు. డాక్టర్ కూర్చోబెట్టి పూర్వాపరాలు అడిగి తేలుస్తారు. లక్షణాలు కొన్నయినా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి, ఇంట్లోనే కాకుండా ఆఫీసు లాంటి ఇంకో చోటా ఇబ్బంది పెడుతుండాలి. కాబట్టి మీ అత్తగారిని అడగండి, పాత ప్రోగ్రెస్ కార్డులుంటే తీసుకెళ్లండి. థైరాయిడ్, గురకతో చెడిన నిద్ర, డిప్రెషన్, మద్యం వల్ల కూడా మతిమరుపు, ధ్యాస నిలవకపోవడం వస్తాయి. అవి ముందు చూడాలి. ఆరు ప్రశ్నల చిన్న పరీక్ష ఒకటి ఉంది. దాంతో అనుమానం బలపడుతుందే తప్ప జబ్బు తేలదు.

చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. అక్కడికి రావడానికి ఆయన మొహమాటపడితే, మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ 14416కి ఇంటి నుంచే ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మందు అవసరమైతే డాక్టర్ బీపీ, గుండె సంగతి చూసుకుని రాస్తారు. మిథైల్‌ఫెనిడేట్ గట్టి నియంత్రణ ఉన్న మందు, ఎవరో వాడుతున్నారని అడిగి తెచ్చుకోకూడదు. ఆటమాక్సెటిన్ అనే ఇంకో మందు అయితే గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది.

జవాబు (ఎంవీపీ కాలనీ నుంచి):
అక్కా, ఒక్క మాట. అన్నీ నువ్వే గుర్తుచేస్తూ పోతే ఆయనకు భార్యవి కాక అమ్మవి అయిపోతావు. నేను అలా అయి, ఒంట్లో ఓపిక పోయాక తెలుసుకున్నాను. ఆయనకు బాగా వచ్చే పని ఒకటి పూర్తిగా ఆయనకే వదిలెయ్. వారంలో ఒక సాయంత్రం నీదని పెట్టుకో. జబ్బు ఉన్నా మాట తూలితే, డబ్బు దాచిపెడితే ఊరుకోనక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు, పది రోజుల తర్వాత:
అందరికీ కృతజ్ఞతలు. శ్రీకాకుళంలో ఉన్న మా అత్తగారికి ఫోన్ చేశాను. "మూడో తరగతిలో ఒక్క వానాకాలంలోనే నాలుగు గొడుగులు పారేసుకున్నాడమ్మా, ప్రతిసారీ కొట్టేదాన్ని" అని చెప్తూ ఆగిపోయారు. నా పక్కనే ఉన్న మా ఆయన విన్నారు. రాత్రి పాప పడుకున్నాక, "ఆ దెబ్బలు గుర్తున్నాయి, గొడుగులే గుర్తులేవు" అన్నారు. నేనేమీ అనకుండా పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆయనే డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్దాం అని అడిగారు. గురువారం వెళ్తున్నాం, ఫోన్లో అలారం ఆయనే పెట్టుకున్నారు.