సమస్యాపూరణం: నీరు లేని చోట నీరు పుట్టె

సమస్య (ఆటవెలది): నీరు లేని చోట నీరు పుట్టె

ఆరో తరగతికి ఘన, ద్రవ, వాయు స్థితుల పాఠం చెప్పేటప్పుడు పనికొచ్చేలా, పై పాదమే చివరి పాదంగా పద్యం పూరించండి. మాయలు, మహిమలు వద్దు. కారణం పద్యంలోనే ఉండాలి.

నెల్లూరు, పెన్నగట్టు:

ఎండ కెండిపోయె నిసుక మేటయె పెన్న
చెలమ తీసినంత చేతి కంది
బిందె నిండె నమ్మ వింతయే చూడగా
నీరు లేని చోట నీరు పుట్టె

నిర్వాహకుడు: ధార బాగుంది, ఎండకు ఇసుకతో యతి (పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ ఉండాల్సిన పొంతన) హాయిగా కుదిరింది. కానీ ఆ నీరు ఇసుక రేణువుల సందుల్లో ముందునుంచీ నీరుగానే ఉంది. చోటు మారింది, స్థితి మారలేదు.

కావలి మాస్టారు:

చలువ నీటి చెంబు చక్కగా తుడిచిన
నొడలు తడిసె మరల నుక్కపోత
గాలిలోని తేమ కంటికే కనరాదు
నీరు లేని చోట నీరు పుట్టె

నిర్వాహకుడు: మాస్టారూ, పాఠానికి కావలసింది ఇదే. వాయువు కనబడదు గనక పిల్లలు దాన్ని లెక్కలోకే తీసుకోరు, చెంబు కారుతోందంటారు. రంగు కలిపిన ఐసు నీళ్లు పోసి చూపండి, బయట పట్టే బొట్లకు రంగుండదు. తూకం వేస్తే బరువు పెరుగుతుంది కూడా. ఒక్కటే లోటు: చల్లదనానికి ఆ తేమ ద్రవంగా మారిందన్న ముక్కను 'చలువ' అనే మాట మీదే వదిలేశారు.

ఒంగోలు టీచర్: ఆవిరి కనరాదంటే మా క్లాసులో ఊరుకోరండీ. టీ కాగేటప్పుడు కనిపిస్తుంది కదా అంటారు.

కావలి మాస్టారు: ఆ తెల్లటి పొగ అప్పటికే చల్లబడి సన్నటి నీటి తుంపర అయిపోయిందమ్మా. కెటిల్ ముక్కుకీ పొగకీ మధ్య ఖాళీగా కనిపించే జాగా ఉంటుంది చూడండి, అసలు ఆవిరి అక్కడుంది. చెయ్యి మాత్రం పెట్టనివ్వకండి!

కందుకూరు:

గ్యాసు పొయ్యి మీద కంచు గిన్నెను పెట్ట
అడుగు తడిసిపోయె నరరె చూడు
మంటలోన బుట్టు మర్మమ్ము తెలిసెనా
నీరు లేని చోట నీరు పుట్టె

పెన్నగట్టు: గ్యాసుకు కంచుతో యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు: చెల్లుతుంది, గ, క ఒకే వర్గం. నన్నడిగితే నీరు నిజంగా కొత్తగా పుట్టింది ఈ పద్యంలోనే. గ్యాసులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది, చల్లటి గిన్నె అడుగున బొట్లు కడుతుంది. అయితే అది రసాయన మార్పు, రెండు పాఠాల తర్వాతి సంగతి. మర్మమేదో చెప్పకుండా "తెలిసెనా" అని తప్పించుకున్నారు కూడా. ఈసారికి ఓటు మాస్టారికే.

వచ్చే వారానికి, ఉప్పు మళ్ళు చూసినవాళ్లకు సులువైనది: *నిప్పు లేక నీరు నింగి కెగసె*