ట్రయల్స్‌లో మొదటిసారే 143 పడ్డాయి, బండి మార్చమంటారా?

లీడ్స్ ఓరుగల్లు:
అందరికీ నమస్తే. ఊరు వరంగల్, ఉద్యోగం లీడ్స్‌లో. ఆఫీసులో ఒకాయన పుణ్యమా అని మోటార్‌సైకిల్ ట్రయల్స్ పిచ్చి పట్టుకుంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, ఇది రేసు కాదు. వాగులో, బండల మీద, బురద గట్ల మీద చిన్న చిన్న ముక్కలుగా దారి కడతారు. ఒక్కో ముక్క ఒక సెక్షన్. కాలు కింద పెట్టకుండా దాటాలి. ఒకసారి కాలు పెడితే 1, రెండుసార్లు పెడితే 2, మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే 3. పడిపోయినా, హద్దు దాటినా 5. ఎవరికి తక్కువ వస్తే వాళ్లు గెలిచినట్టు.

పాత 250 టూ స్ట్రోక్ ట్రయల్స్ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మొన్న ఆదివారం యార్క్‌షైర్‌లోనే ఒక క్లబ్ పోటీకి వెళ్లాను. పది సెక్షన్లు, నాలుగు రౌండ్లు, అంటే 40 ప్రయత్నాలు. నాకు వచ్చినవి 143. అందులో 24 సార్లు ఐదే. ఆరేళ్లుగా పల్సర్ నడిపినవాణ్ణి, ఇంత ఘోరంగా ఉంటుందనుకోలేదు. నా పక్కన డెబ్బై ఏళ్ల తాత పాత బండి మీద వచ్చి 19తో ముగించి టీ తాగుతూ కూర్చున్నాడు.

నా బాధలు ఇవీ. తడి రాళ్ల మీద ముందు చక్రం బంతిలా ఎగురుతోంది, వెనక చక్రం ఊరికే తిరుగుతోంది. క్లచ్ పూర్తిగా పట్టినా బండి ముందుకు లాగుతోంది, పొద్దున మరీ ఎక్కువ. ఇరుకు మలుపులో ప్రతిసారీ కాలు కిందికి వచ్చేస్తోంది. ఒక చోట అర సెకను ఆగి బ్యాలెన్స్ చేసుకున్నా, కాలు కూడా పెట్టలేదు, అయినా 5 రాశారు. ఇది అన్యాయం కదా? దీన్ని అమ్మేసి 300 తీసుకోమంటారా?

మళ్లీ ఐదే:
143 అంటే ఐ లవ్ యూ కదా బ్రో. సెక్షన్లు నిన్ను వదల్లేకపోతున్నాయి. సరే, జోకులు పక్కన పెట్టి అడుగుతున్నా, టైర్లలో గాలి ఎంత కొట్టావు?

లీడ్స్ ఓరుగల్లు:
పెట్రోల్ బంకులో కొట్టించా. ముందు 22, వెనక 25.

మళ్లీ ఐదే:
దండం సామీ.

గోదారి గట్టు:
తమ్ముడూ, నీ 143లో కనీసం నలభై ఆ బంకు దగ్గరే వచ్చాయి. వెనక టైరుకి నాలుగు నుంచి ఐదు పీఎస్ఐ, ముందుకి ఐదారు. తప్పు చదవలేదు, నాలుగే. ట్రయల్స్ వెనక టైరు పక్కగోడలు మెత్తగా ఉంటాయి. ఆ గాలికి టైరు రాయి మీద చపాతీ ముద్దలా పరుచుకుని దాన్ని పట్టుకుంటుంది. 25 కొడితే గుండ్రాయి మీద గుండ్రాయి పెట్టినట్టే. బంకులో మీటరు ఇంత తక్కువని సరిగ్గా చూపించదు. సున్నా నుంచి పదిహేను దాకా ఉండే చిన్న గేజ్ కొనుక్కో, సైకిల్ పంపు ఒకటి కారులో పడేసుకో. పోటీ జరిగే చోటికి వెళ్లాకే చూసుకోవాలి, ఇంట్లో కాదు. అయితే ఆ గాలితో తారు రోడ్డు మీద స్పీడుగా పోవద్దు, బండి ఊగుతుంది.

ఇక క్లచ్. చల్లగా ఉన్నప్పుడు ప్లేట్లు నూనెకి అతుక్కుని ఉంటాయి, ఈ బళ్లలో అది మామూలే. స్టార్ట్ చేయకముందే గేరులో వేసి, క్లచ్ పట్టి, బండిని ముందుకీ వెనక్కీ ఊపు. టక్కుమని విడిపోయి చక్రం తేలిగ్గా తిరిగేదాకా ఊపాలి. తర్వాత స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు వేడెక్కనివ్వు. వేడెక్కాక కూడా లాగుతుంటే గేర్‌బాక్స్ ఆయిల్ మార్చు. చాలామంది పలచటి ఏటీఎఫ్ పోస్తారు, అంటే ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్స్‌లో పోసే నూనె. నీ మాన్యువల్‌లో ఏం రాశారో ముందు చూడు. పాత ఓనరు చిక్కటి ఇంజిన్ ఆయిల్ పోసి ఉంటే లాగడం ఖాయం.

అదీ కాకపోతే హైడ్రాలిక్‌లో గాలి చేరిందేమో, బ్లీడ్ చేసి ఆ గాలి బయటికి తీయాలి. ఇక్కడ ఒక్క జాగ్రత్త. కొన్ని బళ్ల క్లచ్‌కి మినరల్ ఆయిల్, కొన్నిటికి డాట్ 4 అనే బ్రేక్ ఫ్లూయిడ్. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి మొత్తం పోతుంది. నేను ఒకసారి అలాగే పోసి మాస్టర్ సిలిండర్ కొత్తది కొన్నా. మూత మీద రాసి ఉంటుంది, బురద తుడిచి చదువు.

సెక్షన్ 7 అక్క:
నేను రెండేళ్లుగా నడుపుతున్నా. మోకాలు బాగోలేనప్పుడు అబ్జర్వర్‌గా కూర్చుంటా. అంటే నీకు ఐదు రాసిన జాతి నాది, తిట్టుకోకు.

నువ్వు వెళ్లింది నో స్టాప్ పోటీ. ఆగకూడదన్న నియమం ఉన్నప్పుడు కాలు పెట్టకపోయినా బండి ముందుకు కదలడం ఆగిపోతే 5. కొన్ని పోటీల్లో ఆగి బ్యాలెన్స్ చేసుకోవచ్చు, వీడియోల్లో పెద్దవాళ్లు వెనక చక్రం మీద గెంతేది అక్కడే. ఎంట్రీ ఫారంలో ఏ నియమమో రాసి ఉంటుంది. మనమే చదవం.

నీ 24 ఐదులు చూసి నాకు అర్థమైంది ఇది. మూడోసారి కాలు పెట్టాక ‘ఇంక అయిపోయింది’ అని వదిలేస్తున్నావు, అవునా? మూడు పడ్డాక ఆపైన ముప్పైసార్లు కాలు పెట్టినా మూడే. బండి ముందుకు కదులుతుండాలి, హద్దులోనే ఉండాలి, అంతే. కాకిలా రెండు కాళ్లతో గెంతుకుంటూనైనా చివరి బోర్డు దాటు. చూడ్డానికి బాగోదు, కార్డు మీద మాత్రం 3 ఉంటుంది. ఆ ఐదుల్లో సగం మూడులైనా 24 తగ్గి 119 అవుతుంది. దీనికి కొత్త బండి అక్కర్లేదు.

ఇంకోటి, సెక్షన్ నడిచి చూశావా? ఎర్ర గుర్తు కుడివైపు, నీలం ఎడమవైపు, వాటి మధ్యే పోవాలి. నా దగ్గరికి వచ్చే కొత్తవాళ్లు మొదటి రాయిని అయిదు నిమిషాలు చూస్తారు, మూడో మలుపు చూడరు. నేనైతే చివరి నుంచి వెనక్కి నడుస్తా. బయటికి వచ్చేటప్పుడు ఏ గీతలో ఉండాలో తెలిస్తే, లోపలికి ఏ గీతలో వెళ్లాలో దానంతటదే తెలుస్తుంది.

లీడ్స్ ఓరుగల్లు:
అక్కా, నిజమే, వదిలేస్తున్నా. సిగ్గేసి పక్కకి తీసుకెళ్లిపోతున్నా. మలుపు సంగతి కూడా చెప్పండి ప్లీజ్.

సెక్షన్ 7 అక్క:
ఎడమకి తిరుగుతున్నావనుకో. రోడ్డు బండి అలవాటుతో బండితో పాటు నువ్వూ ఎడమకి వంగుతావు. ఈ నిదానంలో అలా వంగితే నిన్ను నిలబెట్టే వేగం లేదు, ఎడమ కాలు నేల మీదకి రావాల్సిందే. ఇక్కడ బండి మాత్రమే ఎడమకి వంగాలి. నువ్వు కుడి ఫుట్‌పెగ్ మీద బరువు వేసి, నడుముని కుడివైపుకి బయటికి తొయ్యి. పేడ తట్ట నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడిచే మనిషి నడుము చూశావా, పైన తట్ట కదలదు, కింద నడుమే సర్దుకుంటుంది. అదే. హ్యాండిల్ చివరిదాకా తిప్పు. కుడి చెయ్యి చాచి, ఎడమ మోచెయ్యి బయటికి. యాక్సిలరేటర్ ఒకే చోట ఉంచి వేగాన్ని క్లచ్‌తో, వెనక బ్రేకుతో చూసుకో. క్లచ్ మీద ఒక్క వేలు, ముందు బ్రేకు మీద ఒక్క వేలు, ఎప్పుడూ అక్కడే. నాలుగు వేళ్లతో క్లచ్ పట్టేవాళ్లకి హ్యాండిల్ పట్టుకోవడానికి ఏం మిగులుతుంది?

కళ్లు టైరు మీద కాదు, రాబోయే గుర్తు మీద ఉండాలి. ఇది చెప్పడం తేలిక, నాకు ఏడాది పట్టింది.

ఇంటి వెనక గడ్డిలో రెండు డబ్బాలు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె వెయ్యి. రోజుకో జానెడు వాటిని దగ్గరికి జరుపు. వాన పడితే ఇంజిన్ ఆపి, ముందు చక్రం గోడకి ఆనించి, హ్యాండిల్ తిప్పి ఉంచి పెగ్‌ల మీద నిలబడు. మొదట మూడు సెకన్లు ఉంటావు. టీ మరిగేలోపు కాలు పెట్టకుండా నిలబడగలిగిన రోజు మెసేజ్ పెట్టు.

గోదారి గట్టు:
ఇంటి వెనక గడ్డి అన్నారు కాబట్టి చెబుతున్నా, ఇంటి వెనక కొండ కాదు. రిజిస్ట్రేషన్ లేని బండితో ఇక్కడ ఫుట్‌పాత్‌లు (పొలాల మధ్య నడక దారులు), బ్రిడిల్‌వేలు (గుర్రాల దారులు), మూర్‌లు (బీడు కొండలు) ఎక్కొద్దు. పోలీసులు బండిని ఎత్తుకెళ్లే అధికారం ఉంది. రైతును అడిగో, క్లబ్బు ప్రాక్టీసు రోజునో నడుపు. మెడకో మణికట్టుకో తాడు కట్టుకునే కిల్ స్విచ్ ఉందా? పడినప్పుడు బండి నీ మీదికి రాకుండా ఆపేది అదే.

హైదరాబాద్ ఎక్స్‌పల్స్:
మధ్యలో దూరుతున్నా, సారీ. మన హైదరాబాద్‌లో ఇది మొదలుపెట్టాలంటే ఎలా? రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు బుల్లెట్ ట్రయల్స్ అని ఒకటి తెచ్చారు కదా, పాతది దొరికితే కొననా?

గోదారి గట్టు:
అది పేరుకే ట్రయల్స్ అండి. 2019లో వచ్చింది, ఎక్కువ కాలం లేదు. 350 బరువే దాదాపు 187 కిలోలు. ఇప్పటి ట్రయల్స్ బండి డెబ్బై కిలోలకి అటూ ఇటూ, సీటు కూడా ఉండదు, రెండు మూడు లీటర్ల ట్యాంకు. ముచ్చటపడి కొనుక్కోండి, దాంతో బండలెక్కకండి.

అయితే ఆ పేరు ఊరికే పెట్టలేదు. వెనక స్వింగ్ ఆర్మ్ సస్పెన్షన్ ఉన్న బుల్లెట్ నమూనాలు జనానికి మొదట కనిపించిందే 1948లో, ఇంగ్లండ్‌లో కోల్‌మోర్ కప్ ట్రయల్‌లో. తర్వాత జానీ బ్రిటన్ అనే ఆయన ఎన్‌ఫీల్డ్ మీదే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్‌ని 1952లో, 1957లో గెలిచాడు. మన సందుల్లో పాలక్యాన్లు మోసిన బుల్లెట్‌కి అలాంటి చుట్టరికం ఉంది.

మన దగ్గర షోరూంలో అసలైన ట్రయల్స్ బండి నేనెక్కడా చూడలేదు. బయటి నుంచి తెప్పిస్తే సుంకం, రవాణా అన్నీ కలిపి తడిసి మోపెడు. మీ ఎక్స్‌పల్స్ బరువు రెట్టింపు పైమాటే, అయినా నేర్చుకోవడానికి పనికొస్తుంది. పదిహేనో ఆగస్టుకి బడిలో స్లో సైకిల్ పోటీ పెట్టేవారు గుర్తుందా? ఆ పోటీనే, నిలబడి, మలుపులతో. ఖాళీ మైదానంలో చేయండి. ఖాజాగూడ బండల జోలికి మాత్రం పోకండి, అసలే మిగిలినవి తక్కువ. పోటీల దాకా వెళ్లాలనుకుంటే లైసెన్సు సంగతి మన దేశంలో మోటార్ స్పోర్ట్స్ చూసుకునే ఎఫ్ఎంఎస్‌సీఐ దగ్గర కనుక్కోవాలి.

మళ్లీ ఐదే:
మరి ఒరిజినల్ ప్రశ్న మిగిలిపోయింది, 300 కొనాలా వద్దా?

సెక్షన్ 7 అక్క:
వద్దు. 300కి తోపు ఎక్కువ, కొత్తవాళ్లని చేతుల్లోంచి లాక్కుపోతుంది. బండి మారిస్తే ఆటే మారిపోయిన సందర్భం లేదని కాదు. బ్రిటిష్ బండి ఏరియల్ మీద గెలుస్తున్న శామీ మిల్లర్ స్పెయిన్ కంపెనీ బుల్టాకోకి వెళ్లి, తేలికైన టూ స్ట్రోక్ షెర్పా తయారు చేయించి, 1965లో దాని మీదే స్కాటిష్ గెలిచాడు. ఆ దెబ్బకి బరువైన బ్రిటిష్ ఫోర్ స్ట్రోకుల పని అయిపోయింది. కానీ ఆయన అప్పటికే గెలుస్తున్న మనిషి. స్పెయిన్ రైడర్ టోనీ బౌ 2007 నుంచి 2024 దాకా ఒక్క ఏడాదీ వదలకుండా ఇండోర్, అవుట్‌డోర్ రెండు ప్రపంచ టైటిళ్లూ పట్టుకుపోయాడు. ఆ బండి నీకిస్తే 143 కాస్తా 160 అవుతుంది, కావాలంటే పందెం.

ఆ డబ్బుతో మంచి ట్రయల్స్ బూట్లు కొనుక్కో. వీలైతే ఒక ఆదివారం అబ్జర్వర్‌గా కూర్చో, క్లబ్బులకి ఎప్పుడూ మనుషులు చాలరు. ఒకే రాయి మీదికి అరవైమంది అరవై రకాలుగా వెళ్లడం చూస్తావు. ఎవరి చక్రం ఎక్కడ ఆనిందో చూడు.

లీడ్స్ ఓరుగల్లు:
(అయిదు వారాల తర్వాత)
నిన్న రెండో పోటీ. 98. ఐదులు తొమ్మిది, మూడులు పద్నాలుగు, క్లీన్లు పది. నా జన్మలో పదిసార్లు సున్నా వచ్చినందుకు ఇంత సంతోషపడతానని అనుకోలేదు. ఎప్పుడూ సున్నా వస్తే మా నాన్న బెల్టు తీసేవారు.

గాలి నాలుగున్నర పెట్టా. మొదటి తడి బండ మీదికి ఎక్కగానే ఏదో వేరే బండి అనిపించింది. క్లచ్ సంగతి గట్టు అన్న చెప్పినట్టే, ఆయిల్ విప్పితే తేనెలా చిక్కగా కారింది. ఏటీఎఫ్ పోశాక పొద్దున ఊపితే చాలు. మధ్యలో ఒక ఆదివారం అబ్జర్వర్‌గా కూర్చున్నా. మొన్నటి తాత నా సెక్షన్‌లోకి వచ్చాడు. రాయి ముందు ఇంజిన్ చప్పుడు అసలు పెరగలేదు. మోకాళ్లు మడిచి, చక్రం తగిలే క్షణానికి లేచి నిలబడ్డాడు, బండి దానంతటది పైకి వచ్చింది. నేను అక్కడ మోత మోగించేవాణ్ణి.

గోడకి ఆనించి నలభై సెకన్లు నిలబడుతున్నా. టీ ఇంకా మరగలేదు.

మిగిలిన సమస్య ఒక్కటే. ఎడమ మలుపు వస్తోంది, కుడి మలుపులో ఇంకా కాలు పెడుతున్నా.

సెక్షన్ 7 అక్క:
అందరికీ ఒక వైపు మొండిగానే ఉంటుంది. కుడికి తిరిగేటప్పుడు యాక్సిలరేటర్ చెయ్యి ఒంటికి దగ్గరగా వస్తుంది, మణికట్టు మడతపడి తెలియకుండానే థ్రాటిల్ కదులుతుంది. మోచెయ్యి పైకెత్తి, గ్రిప్పుని తలుపు గుబ్బ పట్టుకున్నట్టు ఏటవాలుగా పట్టుకో. ఎనిమిది అంకె ఆపేసి వారం పాటు కుడివైపు సున్నాలే చుట్టు.

మే మొదటి వారంలో స్కాట్లండ్‌లోని ఫోర్ట్ విలియం వెళ్తున్నాం, స్కాటిష్ చూడటానికి. 1909 నుంచి జరుగుతున్న పోటీ. ఆరు రోజులు, రోజుకి ముప్పై సెక్షన్లు, మధ్యలో మైళ్లకొద్దీ ప్రయాణం, అదీ సీటు లేని బండ్ల మీద. ఒక రోజు కిన్లొక్‌లెవెన్ దగ్గర పైప్‌లైన్ సెక్షన్ కింద కూర్చుందాం. కారులో ఒక సీటు ఖాళీ ఉంది. పులిహోర నేను తెస్తా, వానకోటు ఎవరిది వాళ్లే.

మళ్లీ ఐదే:
ఆ సీటు నాది. ఓరుగల్లు కుడి సున్నాలు చుట్టుకోనీ.