చెప్పాల్సింది తెలుసు, కానీ నేను చెబితే ఎవరికీ అందడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నీలిసిరా (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఒక చిన్న టీమ్‌లో లెక్కలు, రిపోర్టులు చూస్తాను. పని గురించి నాకు ఏ బెంగా లేదు. మీటింగ్‌లో నా వంతు వచ్చినప్పుడే సమస్య. నోరు తెరవకముందే గుండె దడ మొదలవుతుంది. మొదటి నాలుగు మాటలు బాగానే వస్తాయి. ఆ తర్వాత గొంతు సన్నబడుతుంది, స్పీడ్ పెరుగుతుంది. ఈలోగా ఎవరో ఒకరు "ఏంటండీ, మళ్లీ చెప్పండి" అంటారు. మళ్లీ చెప్పేటప్పుడు ఇంకా తొందర. మొన్న నేను చెప్పిన విషయాన్నే కాసేపయ్యాక మా సహోద్యోగి తన మాటల్లో చెబితే అందరూ తలలూపారు. చాలా బాధేసింది.

స్నేహితులతో గంటలు గంటలు మాట్లాడతాను. అక్కడ ఏ తడబాటూ ఉండదు. అద్దం ముందు ప్రాక్టీస్ చేయమని చాలామంది అన్నారు. చేస్తే ధ్యాసంతా నా ముఖం మీదకే పోతోంది. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వింటే, ఆ గొంతు నాది కాదేమో అనిపించింది.

ముందు ధైర్యం రావాలా, స్పష్టత రావాలా? ఇందులో పడి లేచినవాళ్లు ఎవరైనా చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

సుద్దముక్క:

నీలిసిరా గారూ, ధైర్యం సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టండి. వాక్యాన్ని చివరిదాకా వినబడేలా చెప్పడం మొదలుపెట్టండి. నేను చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, వక్తృత్వ పోటీలకు పిల్లల్ని తయారుచేస్తున్నాను. "గొంతు చిన్నది, బెరుకు ఎక్కువ" అని తల్లిదండ్రులు చెప్పే పిల్లల్లో ఎక్కువమందికి గొంతు చిన్నది కాదు. వాక్యం మొదట్లో బాగానే వినబడుతుంది. చివరికొచ్చేసరికి దిగిపోతుంది. మీరు రాసింది చదివితే మీదీ అదేననిపిస్తోంది.

తెలుగులో ఇది మామూలు ఇబ్బంది కాదు. మనకు క్రియ చివర వస్తుంది. పని అయిందా, కాలేదా, చేయాలా, వద్దా అన్నది అక్కడే తేలుతుంది. "ఆ రిపోర్టు నిన్న సాయంత్రం వాళ్లకి పంపించాను." "పంపించలేదు." "పంపించాల్సింది." "పంపించమన్నారు." ఈ నాలుగూ ఒకసారి పైకి అనండి. చివరి మాటలో సగం దాకా అన్నీ ఒకటే. టెన్షన్‌లో ఉన్న మనిషి గొంతు సరిగ్గా ఆ తర్వాతి రెండు మూడు అక్షరాల దగ్గరే లోపలికి పోతుంది. వినేవాళ్లకి రిపోర్టు వినబడింది, నిన్న వినబడింది, వాళ్లకి అన్నదీ వినబడింది. అసలు ఏం జరిగిందన్నది మాత్రం వినబడలేదు. మరి "మళ్లీ చెప్పండి" అనక ఏమంటారు?

అక్కడే ఎందుకు దిగిపోతుందంటే, మనం మాట్లాడేది వదిలే ఊపిరి మీద. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి స్వరతంత్రులను కదిలిస్తేనే శబ్దం. భయం వేసినప్పుడు గాలి పైపైనే తీసుకుంటాం, భుజాలు లేస్తాయి, లోపలికి పోయేది తక్కువ. వాక్యం సగానికే ఆ కాస్తా అయిపోతుంది. మిగిలిన సగాన్ని మిగులు గాలితో లాగించేస్తాం. స్పీడ్ పెరగడానికీ ఇదొక కారణం: గాలి అయిపోయేలోపు ముగించాలన్న తొందర. కాబట్టి గట్టిగా మాట్లాడమని మీకు చెప్పను. గట్టిగా మాట్లాడబోతే ఉన్న గాలి ఇంకా త్వరగా అయిపోతుంది.

నేను పిల్లలతో చేయించేది చెబుతాను. ఏదైనా పేపర్లో ఒక పేరా తీసుకోండి. పైకి చదవండి. ప్రతి వాక్యంలో ఆఖరి మాటను మొదటి మాటంత బలంగా పలకండి. అరవొద్దు, ఒత్తి కూడా పలకొద్దు, అంతే బలం చాలు. వాక్యం అవగానే పెదాలు మూసేయండి. ముక్కుతో గాలి దానంతటదే లోపలికి వస్తుంది, పొట్ట కొంచెం ముందుకొస్తుంది. అప్పుడు తర్వాతి వాక్యం. పెదాలు మూయడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది అదే. నోరు తెరిచి ఉంటే "ఆ... అంటే... అదీ..." అంటూ ఏదో ఒకటి బయటికొస్తుంది. మూసి ఉంటే రాదు. ఆ మౌనం మీకు యుగంలా అనిపిస్తుంది. వినేవాళ్లకి మాత్రం అప్పటిదాకా విన్నది బుర్రకెక్కించుకునే వ్యవధి అదే.

రెండో సంగతి, పొడుగు వాక్యాలు. తెలుగులో "చేసి, చూసి, వెళ్లి" అని ఎంతదూరమైనా అల్లుకుంటూ పోవచ్చు. "ఫైలు చూసి, అందులో తేడాలుంటే సరిచేసి, వాళ్లకి పంపి, వాళ్లు ఓకే అన్నాక అప్‌లోడ్ చేసి, అప్పుడు మీకు చెబుదామని..." రాతలో బాగుంటుంది. మీటింగ్‌లో వినేవాళ్లు ఆ ఆఖరి క్రియ వచ్చేదాకా అన్నీ గుర్తుపెట్టుకుని కూర్చోవాలి. చెప్పే మీకూ ఊపిరి తీసుకునే సందు దొరకదు. అదే విషయాన్ని ఇలా అనండి: "ఫైలు చూశాను. రెండు చోట్ల తేడా ఉంది. సరిచేశాను. వాళ్లు ఓకే అనగానే అప్‌లోడ్ చేస్తాను." నాలుగు వాక్యాలు, నాలుగు ఊపిరులు. వినేవాళ్లకి ఈ మనిషికి పని మీద పట్టుందని కూడా అనిపిస్తుంది. మీరు ధైర్యం అంటున్నది బయటివాళ్లకు కనబడేది చాలావరకు ఇలాగే.

రికార్డింగ్ గురించి. ఆ గొంతు మీదే. మాట్లాడేటప్పుడు మన గొంతు మన చెవికి గాలిలోంచే కాక పుర్రె ఎముకల గుండా కూడా చేరుతుంది. ఎముకల దారిలో లోతైన, కింది స్థాయి ధ్వనుల పాలు ఎక్కువ. రికార్డింగ్‌లో ఆ పాలు ఉండదు కాబట్టి గొంతు పలచగా, పరాయిగా తోస్తుంది. మిగతా అందరూ రోజూ వినే మీ గొంతు అదే, వాళ్లకి అందులో వింతేమీ లేదు. అందుకని రికార్డింగ్ ఆపకండి, కానీ అన్నీ ఒకేసారి పట్టుకోవద్దు. ఒకసారి విన్నప్పుడు వాక్యం చివరి మాటలు మాత్రమే వినండి. ఇంకోసారి విన్నప్పుడు "అంటే", "యాక్చువల్‌గా" లాంటివి ఎక్కడ పడుతున్నాయో చూడండి. అవి దాదాపు ఎప్పుడూ ఊపిరి తీసుకోవాల్సిన చోటే పడుతుంటాయి.

మూడోబెంచి:

సుద్దముక్క గారు చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. ధైర్యాన్ని పూర్తిగా పక్కన పెట్టలేం. గుండె దడదడలాడుతుంటే పెదాలు మూయాలన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది?

నాకు పనికొచ్చింది ఒక పరిశోధన. 2003లో సవిట్‌స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఉపన్యాసం ఇచ్చేవాళ్లు తమ కంగారు ఎదుటివాళ్లకి ఎంతగా కనబడుతోందనుకుంటారో, నిజానికి అంతగా కనబడదని తేలింది. ఇంకా ముఖ్యమైంది రెండో భాగం. కొంతమందికి మాట్లాడే ముందే ఈ సంగతి వివరించి చెబితే, వాళ్లు మిగతావాళ్ల కంటే బాగా మాట్లాడారు. కొత్త మెళకువ ఏదీ నేర్పలేదు. "నీ దడ నీకు తెలిసినంతగా వాళ్లకు తెలియదు" అని చెప్పారంతే. ఇది చదివాక నాకు వణుకు తగ్గలేదు. దాన్ని దాచాలన్న ఆరాటం తగ్గింది. నా శక్తిలో సగం దాచడానికే పోతుండేదని అప్పుడు తెలిసింది.

ఇంకొకటి. "కంగారు పడకు, కంగారు పడకు" అని మీకు మీరు చెప్పుకోకండి. హార్వర్డ్‌కు చెందిన అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, మాట్లాడే ముందు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ల కంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్లు బాగా చేశారు. దడ కంగారులోనూ ఉంటుంది, ఉత్సాహంలోనూ ఉంటుంది. వేగంగా కొట్టుకుంటున్న గుండెను ప్రశాంతతకు దించడం కష్టం, ఉత్సాహం వైపు తిప్పడం తేలిక.

తోటివాళ్లు నలుగురు దొరికితే ముందుగా చెప్పకుండా ఒక విషయం ఇచ్చి ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించుకోండి. నలుగురిలో మాట్లాడటం ప్రాక్టీస్ చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో దీన్ని టేబుల్ టాపిక్స్ అంటారు. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా అనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన సంస్థ అది. అక్కడ ఒకరి పనే "ఆ", "ఊ"లు లెక్కపెట్టడం. నాకు బాగా నచ్చింది ఏంటంటే, విన్నవాళ్లు "బాగుంది" అని వదిలేయరు, ఏది బాగుందో ఏది మారాలో చెప్పాలి. క్లబ్బే కానక్కర్లేదు. ఆ పద్ధతి ఉంటే ఇద్దరైనా చాలు.

గొంతుపని:

నేను స్పీచ్ థెరపీ చేస్తాను. ఇక్కడ ఎవరూ అనని రెండు మాటలు.

గొంతు సన్నబడటం మీటింగ్‌లో మాత్రమే అయితే పైవాళ్లు చెప్పినవి సరిపోతాయి. ఇంట్లో కూడా గొంతు బొంగురుగా ఉండి, మూడు నాలుగు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌కి చూపించుకోండి. అది ధైర్యానికి సంబంధించిన సంగతి కాదు. నత్తి ఉన్నవాళ్లకు "నెమ్మదిగా మాట్లాడు, ఊపిరి పీల్చుకో" అని ఎదుటివాళ్లు చెప్పే సలహా సాధారణంగా సాయపడకపోగా ఇబ్బంది పెడుతుంది. వాళ్లు థెరపిస్ట్‌ను కలవడం మేలు. నత్తి ఉన్నా స్పష్టంగా, ధీమాగా మాట్లాడేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. నత్తి వేరు, ధీమా వేరు.

మాట్లాడే ముందు గొంతు సవరించుకునే అలవాటుంటే తగ్గించండి. అలా సవరించుకున్న ప్రతిసారీ స్వరతంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. దానికి బదులు ఒక గుక్క నీళ్లు తాగండి, లేదా ఉత్తినే ఒకసారి మింగండి. నోట్లో గులకరాళ్లు పెట్టుకుని ప్రాక్టీస్ చేయమని ప్రాచీన గ్రీకు వక్త డెమోస్తనీస్ కథ చెప్పి సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. దయచేసి చేయకండి, గొంతులోకి జారితే ప్రాణం మీదకొస్తుంది. ఆయన గురించి ప్లూటార్క్ అనే పాతకాలపు గ్రీకు రచయిత రాసిందాంట్లోనే ఎత్తులు ఎక్కుతూ పైకి చదివేవాడని కూడా ఉంది. అందులో అర్థముంది. నడుస్తూ పైకి చదివితే ఊపిరి ఎక్కడ చాలడం లేదో మీకే తెలిసిపోతుంది.

నీలిసిరా:

అందరికీ చాలా థాంక్స్ అండీ. నిన్న పేపర్ చదువుతూ రికార్డ్ చేసి, ఆఖరి మాటలు మాత్రమే విన్నాను. సుద్దముక్క గారు చెప్పింది అక్షరాలా నిజం. "తెలిపారు", "పేర్కొన్నారు" అన్నవి సగమే వినబడుతున్నాయి. ఇన్నాళ్లూ నాది స్పీడ్ సమస్య అనుకున్నాను.

ఇంకో సందేహం. సిద్ధమై వెళ్లిన విషయం ఎలాగోలా చెప్పేస్తాను. మధ్యలో ఎవరైనా అడ్డుపడినా, అనుకోని ప్రశ్న వేసినా మైండ్ బ్లాంక్ అయిపోతుంది. అప్పుడేం చేయాలి?

సుద్దముక్క:

మూడోబెంచి గారూ, మీరు చెప్పిన మొదటి పరిశోధనను మా పిల్లలకు తప్పకుండా చెబుతాను. దాచడానికే సగం శక్తి పోతుందన్న మాట వాళ్లకి బాగా అర్థమవుతుంది.

నీలిసిరా గారూ, అడ్డుపడటం వేరు, ప్రశ్న వేరు. అడ్డుపడినప్పుడు చాలామంది వాక్యం మధ్యలో వదిలేసి ఆగిపోతారు. అది మర్యాద అనుకుంటాం. కానీ క్రియ దాకా రాని వాక్యంతో చెప్పింది ఏమీ మిగలదు. ఇంకాసేపటికి అదే విషయం ఇంకొకరు పూర్తి చేస్తే అది వాళ్ల మాటగా నిలుస్తుంది. మొన్న మీకు జరిగింది ఇదే కావచ్చు. మీ వాక్యాన్ని అదే గొంతుతో పూర్తి చేయండి. కుదరకపోతే "ఒక్క వాక్యం ఉందండీ, అది చెప్పేసి మీకు జవాబిస్తాను" అనండి. నవ్వుతూ అనొచ్చు, కానీ "సారీ" కలపొద్దు. మీ వంతులో మీరు మాట్లాడుతున్నారు, అందులో తప్పేమీ లేదు.

ఎవరైనా మీ మాటను తమదిగా చెబితే గొడవ అక్కర్లేదు. "ఇందాక నేను చెప్పిన తేడాల గురించే కదా, దాని మీద ఇంకో వివరం ఉంది" అని కలుపుకుని ముందుకు వెళ్లండి. ఆ వివరం నిజంగా ఉండాలి. అందుకే సిద్ధమయ్యేటప్పుడు ఒక అంకెనో ఒక ఉదాహరణనో మొదటే చెప్పేయకుండా దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న వచ్చినప్పుడు, దాన్ని మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పండి: "అంటే పోయిన నెలకూ ఈ నెలకూ ఎందుకు తేడా వచ్చిందని అడుగుతున్నారు, అంతేనా?" ప్రశ్న సరిగ్గా అర్థమైందో లేదో తేలుతుంది. వాళ్లు అవునో కాదో చెప్పేలోపు మీకు ఒక ఊపిరి దొరుకుతుంది. జవాబులో ముందు తేలిన మాట, తర్వాత కారణం. "తేడా రావడానికి కారణం ఆలస్యంగా వచ్చిన బిల్లులు" అని మొదలుపెట్టండి, ఏ బిల్లులు, ఎందుకు ఆలస్యం అన్నది ఆ తర్వాత. తెలియకపోతే "అది నేను చూడలేదు. సాయంత్రంలోగా చూసి మెయిల్ చేస్తాను" అనండి. ఈ రెండు వాక్యాలను ఇంట్లో పైకి అనుకుని వెళ్లండి. తెలియదని చెప్పేటప్పుడే అందరికీ గొంతు ఎక్కువగా దిగిపోతుంది కాబట్టి, "చేస్తాను" అన్న ఆ ఆఖరి మాటే ముందు ప్రాక్టీస్ చేయండి.